గిన్నెలు మోగిన తలుపు

తాళంచెవి ఇవ్వనని అత్తయ్య మూడోసారి చెప్పింది. ఈసారి నాతో కాదు, కుక్కర్‌తో.

"సంఘం ఆడవాళ్ళంతా నమ్మి నా చేతిలో పెట్టారు. నిన్నగాక మొన్న ఇంట్లోకి వచ్చినవాళ్ళు అడగ్గానే ఇచ్చెయ్యడానికి అదేమన్నా ఉప్పుడబ్బా?" అంది దాని మూత బిగిస్తూ.

కుక్కర్ జవాబు చెప్పలేదు. నిన్నగాక మొన్న వచ్చినదాన్ని నేనే కాబట్టి నేనూ చెప్పలేదు.

కెల్విన్ తల వంచుకుని ఉప్మా తింటున్నాడు. మా ఆయనకు ఒక అలవాటు ఉంది. టీ సగం తాగి, మిగతా సగం ఉన్న కప్పును నా వైపు జరుపుతాడు. ఎవరూ నేర్పలేదు. పెళ్ళైన మర్నాటి నుంచీ అంతే. ఇంత గొడవలోనూ ఆ కప్పు ఉప్మా ప్లేటు పక్కనుంచి మెల్లగా జరిగి నా దగ్గరికి వచ్చింది. అత్తయ్య వీపు నా మీద కోపంగా ఉండగా నేను టీ తాగుతూ మురిసిపోయాను. గోడ మీద పెళ్ళి కానుకలుగా వచ్చిన నాలుగు గడియారాలు నాలుగు టైములు చూపిస్తున్నాయి. ఏదీ దాచెయ్యడానికి మనసొప్పక అన్నీ తగిలించాం.

తాళంచెవి సంగతి మాత్రం ఏ గడియారం ప్రకారం చూసినా ఆలస్యమవుతూనే ఉంది.

అది ఇప్పుడు అత్తయ్య నడుముకు దోపుకున్న చేతిరుమాలులో ఉంది. నిన్నటిదాకా వంటింట్లో జల్లెడ పక్కన మేకుకు వేలాడింది. కొంచెం తుప్పు పట్టింది, దానికో ఎర్ర రిబ్బను ముక్క. సంఘం సామాను గదిది అంటే సరే అనుకున్నాను. గ్యాసు లీకైతే మనుషులు ప్రాణాలతో బయటపడాల్సిన దారికి తాళంచెవి మా జల్లెడ పక్కన వేలాడుతోందని నిన్న మధ్యాహ్నం దాకా నాకు తెలియదు.

ఆ దారి ప్రసన్న కుమార్ గారి ఐస్ ప్లాంటులో ఉంది. ఆయన అత్తయ్యకు సొంత అన్న, మా తెలుగు చర్చి సంఘానికి పెద్ద, మా ఆయనకు యజమాని. వరసకు నాకు పెదనాన్న అవుతారు గానీ, కెల్విన్ పిలిచినట్టే నేనూ మావయ్యగారనే పిలుస్తాను. కిందటి వారం ఆయన ప్లాంటులో అమ్మోనియా లీకై, గవరయ్య అనే పాత ఆపరేటరు మిషను గదిలో పడిపోయాడు. అప్పట్నుంచీ ప్లాంటు ఆగింది. పనివాళ్ళ భద్రతకు కావలసినవన్నీ ఉన్నాయని బయటివాళ్ళు పరీక్షించి చెబితేగాని మళ్ళీ నడపకూడదు. ఆ పరీక్ష డైరీ ఫార్మ్ అనే పేటలో నేను పనిచేసే చిన్న ఆఫీసుకు వచ్చింది. ఫేబేనే, అంటే నన్నే, పంపమని ఆయనే అడిగారట. చుట్టరికం ఉంది, నేను వెళ్ళకూడదు సార్ అన్నాను. ఈ దీవుల్లో ఎవరికి ఎవరు చుట్టం కారో చెప్పు, వాళ్ళనే పంపుతాను అన్నారు మా సార్.

అలా నిన్న వెళ్ళాను.

ప్రసన్న కుమార్ గారు పూలగుత్తితో ఎదురొచ్చారు. పరీక్షకు వచ్చినవాళ్ళకు పూలగుత్తి ఇచ్చే యజమాని దగ్గర ముందు ముక్కు మూసుకోవాలని మా కాలేజీలో చెప్పలేదుగాని, చెప్పాల్సింది.

హెల్మెట్లకు పాలిథిన్ కవర్లు తీయలేదు. తీస్తే పాతబడతాయట. గ్యాసు మాస్కులు ఆయన ఆఫీసు గదిలో, అద్దాల బీరువాలో, సంఘం ఇచ్చిన షీల్డు పక్కన ఉన్నాయి. బీరువాకు తాళం. గ్యాసు లీకైనప్పుడు పనివాడు పరుగున వచ్చి, లోపలికి రావచ్చా సార్ అని అడగాలి కాబోలు. కళ్ళు కడుక్కునే తొట్టిలో మనీప్లాంటు ఏపుగా పెరుగుతోంది. గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డ సంచి ఎగరాల్సిన కర్రకు కిందటి క్రిస్మస్ నక్షత్రం వేలాడుతోంది. ఇదేమిటని అడిగాను. నక్షత్రం కూడా దారి చూపించేదే కదమ్మా అని తన మాటకు తానే నవ్వుకున్నారు. పక్కన ఉన్న ఇద్దరూ జీతగాళ్ళు కాబట్టి వాళ్ళూ నవ్వారు.

మిషను గది వెనక గోడకు ఒక తలుపు ఉంది. దాని మీద "అత్యవసర ద్వారం" అని ఆకుపచ్చ బోర్డు. బోర్డు పాతదే, పెయింటు కొత్తది. నా వేలికి అంటుకుంది. తెరవమన్నాను. తెరుచుకోలేదు. అవతల రేకుల వసారా, వసారా నిండా సంఘం సామాను, వసారాకు బయట తాళం. చుట్టూ తిరిగి వెళ్ళి చూశాను. తాళం తళతళా మెరుస్తోంది. పెయింటుతో పాటు దాన్ని కూడా తుడిపించారనుకుని నవ్వుకున్నాను.

రేకుల సందులోంచి లోపలికి చూశాను. షామియానా గొట్టాలు, ఇనప కుర్చీలు, బిర్యానీ డేక్షాలు. వాటన్నిటి మీదా తలుపుకు అడ్డంగా మా పెళ్ళి ఆర్చి. థర్మోకోల్ అక్షరాల్లో కెల్విన్, ఫేబే, మధ్యలో గులాబీరంగు గుండె. ఆ ఆర్చి కింద నిలబడి ఎంత మురిసిపోయానో నాకింకా గుర్తే.

మా సంఘంలో పెళ్ళికైనా చావుకైనా సామాను ఆ వసారాలోంచే వస్తుంది, అక్కడికే తిరిగి వెళుతుంది. అద్దె లేదు. అది ప్రసన్న కుమార్ గారి ఔదార్యమని ఆదివారం ఆదివారం స్తోత్రాలు చెబుతాం. ఎప్పుడో ఒక డేక్షా పోయిందని ఆడవాళ్ళ సమాజం తాళం వేయించి, తాళంచెవిని కార్యదర్శి పుష్పవతి గారికి, అంటే మా అత్తయ్యకు అప్పగించింది. టీచర్లు, నర్సులు, ఓడల మీద ఇంజినీర్లు, అందరూ ఆ వసారాలోంచి కుర్చీలు మోసినవాళ్ళే. లోపలి గోడకు ఒక తలుపు ఉందని, అది తెరుచుకోవాలని ఒక్కరికీ తోచలేదు. సామాను పట్టిందా లేదా అనే చూశారు. ఇంతమందికి కలిపి ఒక్క బుర్ర కూడా లేదన్నమాట.

"తాళంచెవి మీ ఇంట్లోనే ఉంది బేటీ. మీ అత్తను అడుగు," అన్నారు ప్రసన్న కుమార్ గారు. అవసరం లేనంత గట్టిగా, ఆ ఇద్దరూ వినేలా.

అడిగాను. జవాబు కుక్కర్‌కు వచ్చింది.

కుక్కర్ మొదటి కూత వేశాక అత్తయ్య నా వైపు తిరిగింది. మామగారు పోయాక ఈ ఇంటి శ్లాబు ఎవరు వేయించారో, కెల్విన్‌కు పని ఎవరిచ్చారో, మా పెళ్ళికి వంటవాళ్ళను ఎవరు పంపారో వరసగా చెప్పింది. అన్నీ ఒక్కరే. అలాంటివాడి ప్లాంటులో తప్పులు వెతకడానికి నాకు చేతులెలా వచ్చాయని అడిగింది.

"అత్తయ్యా, సోమవారం మిషను గదిలోకి మళ్ళీ మనిషి దిగాలి. గవరయ్య ఇంకా లేవలేదు. దిగేది కెల్విన్," అన్నాను.

"నా కొడుకు సంగతి నువ్వు నాకు చెబుతున్నావా?"

బయట వాన వెలిసి పోకచెట్ల మీంచి నీళ్ళు కారుతున్నాయి. కెల్విన్ ప్లేటు పక్కకు నెట్టాడు.

"ఆర్చి నేనే పెట్టానమ్మా. పెళ్ళి మర్నాడు. నిలువుగా పట్టలేదు, అడ్డంగా పెట్టాను."

ఆ వెనకే మిషను గది తలుపు ఉందని తెలియదా అని అడిగాను.

"లోపల పని చేసేటప్పుడు అది తలుపని తెలుసు. బయట సామాను సర్దేటప్పుడు గోడలాగే ఉంటుంది. రెండూ ఒకటేనని ఎప్పుడూ అనుకోలేదు, ఫేబే."

పెళ్ళయ్యాక మొదటిసారి మా ఆయన నా కంటికి ఆనలేదు. అలా సగం కప్పు టీ తాగినంతసేపే అనిపించింది. కానీ అనిపించింది.

*

శనివారం రోగులను చూడటానికి వెళ్ళడం ఆడవాళ్ళ సమాజం ఆనవాయితీ. కోడలితో మాట్లాడకపోయినా అత్తయ్య ఆనవాయితీ తప్పదు. రొట్టె, అరటిపళ్ళు సంచిలో పెట్టి నా ముందు పెట్టింది. సంచి మోయడానికి నేను పనికొస్తానన్నమాట. తాళంచెవి నడుముకు ఉండగానే గవరయ్య ఉండే బతు బస్తీకి బస్సెక్కాం. కిటికీ పక్క సీట్లో ఆవిడ కూర్చోలేదు, నాకు వదిలింది. కోపంలోనూ కిటికీ సీటు ఇచ్చే అత్తగారు ఎందరికి దొరుకుతారు? బయట పెట్టుకున్న చేతి మీద తుంపర పడుతుంటే ప్రాణం లేచొచ్చింది.

గవరయ్య గడప దగ్గర గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదట. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. కుడి భుజం కమిలిపోయి ఉంది. భార్య కాసులమ్మ మాకు కుర్చీలు వేసి, తను నేల మీద కూర్చుంది.

మా అన్నయ్య నువ్వెలా ఉన్నావో అడిగి రమ్మన్నాడు గవరయ్యా, అంది అత్తయ్య. అన్నయ్య అలాంటిదేమీ చెప్పలేదని నాకు తెలుసు. కాసులమ్మకు ఇంకా బాగా తెలుసు.

"మీ అన్నగోరు కబురెట్టినారమ్మా," అంది ఆవిడ. "ముందరికి రావాల్సినోడు ఎనక్కి ఎందుకు పరిగెట్టినాడని అడిగించినారు. బెదిరిపోయి దారి తప్పినాడంట."

గవరయ్య దగ్గు ఆగేదాకా అందరం కాచుకున్నాం.

"ముందరే కదమ్మా గేసు," అన్నాడు. "ఎనక తలుపు మీద ఇటు పొమ్మని బోర్డు రాసుంది. సదువుకున్నోళ్ళు రాసినారు కదా, నిజమనుకున్నాను."

అత్తయ్య అరటిపళ్ళు సంచిలోంచి తీసి మళ్ళీ సంచిలోనే పెట్టింది.

"భుజం ఏసి తోసినాను. అవతల గిన్నెలు మోగినాయి. పెళ్ళిలో వొంటలకాడ మోగినట్టు గణగణా మోగినాయి. ఇంకోపాలి తోసినాను, ఇంకోపాలి మోగినాయి. ఈ తలుపు రాదని అప్పుడు తెలిసినాది. ముందరికే పాక్కుంటా పోయినాను, ఆ గేసులోంచే."

అత్తయ్య చెయ్యి నడుము దగ్గరికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. కాసులమ్మ చూసి, నడుం నొప్పా అమ్మా అని అడిగింది. లేదంది అత్తయ్య.

వచ్చేటప్పుడు కొడుకు వీరేంద్ర కనిపించలేదేమని అడిగాను. పొద్దున్నే ప్లాంటుకు పోయాడని, గోడలకు సున్నం వెయ్యాలని పిలిచారని, తండ్రి బదులు వాణ్ణే పెట్టుకుంటారట అని కాసులమ్మ చెప్పింది. ప్లాంటు మూసే ఉంది కదా అన్నాను. మూసే ఉందంట అంది. ఉద్యోగం ఇంట్లోంచి పోకుండా ఉన్నందుకు ఆవిడ ముఖంలో కొంచెం వెలుగు కూడా కనిపించింది. తండ్రి ఊపిరి తీసినవాడే కొడుక్కి పని ఇస్తే, దాన్ని దయ అనుకోవాల్సి వస్తోంది వాళ్ళకు. నాకు ఒళ్ళు మండింది.

మా గరాచర్మలో బస్సు దిగాక, గొడుగు విప్పుతూ అత్తయ్య అంది.

"ఆ వసారాలో అన్నిటికంటే పెద్ద డేక్షా ఉంది చూడు. మీ మామగారి జ్ఞాపకార్థం నేనే ఇచ్చాను. దాని మీద ఆయన పేరు చెక్కించాను."

గొడుగు నా మీదికి కూడా వచ్చేలా పట్టుకుంది.

*

ఇంటి ముందు ప్రసన్న కుమార్ గారి కారు ఉంది.

ఆయన నాలుగు గడియారాల కింద కుర్చీలో కూర్చుని, నాలుగూ తప్పేనని కెల్విన్‌కు చెబుతున్నారు. వంటింటి గట్టు మీద పెద్ద వంజరం చేప, ఇంకా బిగుసుకునే ఉంది. కోడలికి ఇష్టమని తెచ్చానన్నారు. నాకు వంజరం ఇష్టమని నేనెవరికీ చెప్పలేదు. నిజంగానే ఇష్టం, అదే నాకు కోపం.

పెద్దవాళ్ళ మాటల్లా మొదలుపెట్టారు. నేను ఏం రాయాలో ఆయన చెప్పరట. మనస్సాక్షి ప్రకారం రాయమన్నారు. గవరయ్య కంగారుపడి దారి తప్పాడని మనస్సాక్షికి తెలుసట. తలుపు తెరుచుకుంటుందట, ఇంట్లో ఉన్న తాళంచెవి ఇంట్లోవాళ్ళు సమయానికి ఇస్తే. హెల్మెట్ల కవర్లు తీయించేస్తారట. మనీప్లాంటు మా ఇంటికి పంపిస్తారట. ఇన్ని దిద్దుబాట్లు చేసిన యజమానిని నేను ఎక్కడైనా చూశానా అని అడిగారు. చూడలేదని ఒప్పుకున్నాను.

మాస్కుల బీరువా తాళం సంగతి అడిగాను. ఉప్పుగాలికి మాస్కులు పాడవుతాయమ్మా అన్నారు. పనివాళ్ళ ఊపిరితిత్తులు ఏ గాలికి పాడవుతాయో ఆయన చెప్పలేదు.

తర్వాత నేను ఎదురుచూస్తున్నదే జరిగింది.

"ప్రార్థన చేసుకుందాం," అన్నారు.

మా ఇళ్ళలో ఈ రకం ప్రార్థన ఎరగనివాళ్ళు లేరు. మొహం దేవుడి వైపు ఉంటుంది, మాటలు మాత్రం గదిలో ఎవరికి తగలాలో వాళ్ళకే తగులుతాయి. మధ్యలో అడ్డుపడటానికి వీల్లేదు, దేవుడితో మాట్లాడుతున్నారాయె. చివర్లో ఆమెన్ అంటే ఒప్పుకున్నట్టే. అనకపోతే దేవుణ్ణే కాదన్నట్టు. ఇంత సుఖమైన వాదన ఏ కోర్టులోనూ దొరకదు. అది కూడా గుండ్రంగా, ఒకరి తర్వాత ఒకరు చేసే ప్రార్థన. పెద్దవారితోనే మొదలు.

"ప్రేమగల తండ్రీ," అన్నారు ప్రసన్న కుమార్ గారు గొంతు తడి చేసుకుని. "ఈ ఇంటికి నువ్వు పంపిన చిన్న కోడల్ని చూడు. చదువిచ్చావు, దానితో పాటు వినయం కూడా ఇవ్వు. మా ప్లాంటు మీద బతికే కుటుంబాలను ఆమెకు గుర్తు చెయ్యి. నా చెల్లెలు పుష్పవతిని చూడు. ఆ తాళంచెవి మోసే భారం ఆమె మీద పెట్టావు. ఇన్నేళ్ళూ అది ఆమె చేతిలోనే ఉంది, ఇంకెవరి చేతిలోనూ లేదు. అందులో ఏ పొరపాటు జరిగినా ఆమెను క్షమించు."

నేను ఒక కన్ను తెరిచాను. ఆయనా ఒక కన్ను తెరిచే ఉన్నారు. ఆ కన్ను చేతి గడియారం మీద ఉంది.

తర్వాత కెల్విన్ వంతు. ఎప్పుడూ అన్నం పెట్టినందుకు స్తోత్రం అని ముగించేస్తాడు. ఈసారి గొంతు సవరించుకున్నాడు.

"ప్రభువా, ఆర్చి అడ్డంగా పెట్టింది నేనే. అమ్మ కాదు. ఆమెన్."

పొద్దున సగం కప్పంత తగ్గినవాడు కప్పు నిండి పొర్లాడు. కళ్ళు మూసుకుని ఉండగానే కాలి బొటనవేలితో అతని పాదం తాకాను. అతనూ తాకాడు. ప్రార్థనలో ఇలాంటివి చేయకూడదని తెలుసు.

నా వంతు వచ్చింది. నేనూ నేర్చుకున్న పద్ధతిలోనే చేశాను.

"తండ్రీ, మావయ్యగారి ప్లాంటులో నువ్వు చేసిన మేలులకు స్తోత్రం. మాస్కులకు బీరువా ఇచ్చావు, బీరువాకు తాళం ఇచ్చావు. హెల్మెట్లను మనుషుల తలలు తగలకుండా కాపాడావు. కళ్ళు కడుక్కునే తొట్టిలో మొక్కను ఏపుగా పెంచావు. దారి లేని తలుపుకు బోర్డు ఇచ్చావు. గవరయ్య చదువుకున్నవాళ్ళ మాట నమ్మాడు, ఆ ఒక్క తప్పుకు అతన్ని క్షమించు. నేను చూసినదంతా చూసినట్టే రాస్తాను. నా చెయ్యి వణక్కుండా చూడు. ఆమెన్."

ఎవరూ ఆమెన్ అనలేదు. ప్రసన్న కుమార్ గారి ముక్కులోంచి గాలి వచ్చింది, అంతే.

ఇక అత్తయ్య మిగిలింది.

అత్తయ్య ప్రార్థన మొదలుపెడితే కూర మాడుతుందని సంఘంలో పేరు. అధ్యక్షులు, మిషనరీలు, ఓడల మీద ఉన్నవాళ్ళు, ఆస్పత్రుల్లో ఉన్నవాళ్ళు, అందరూ అందులో ఉంటారు. ఈసారి ఏమీ వినిపించలేదు. గోడ మీద బల్లి అరిచింది. గడియారాల చప్పుడు వినిపిస్తోంది, నాలుగూ నాలుగు రకాలుగా. ఆవిడ ఏడుస్తోందేమోనని చూశాను. లేదు. తలెత్తి, కళ్ళు తెరుచుకుని, ఎదురుగా తన అన్నను చూస్తోంది.

"ప్రభువా, గిన్నెలు మోగాయట," అంది. "ఆమెన్."

నడుము దగ్గర చేతిరుమాలు విప్పి, ఎర్ర రిబ్బను తాళంచెవిని టీ పళ్ళెంలో, ఖాళీ కప్పుల మధ్య పెట్టింది.

పెద్ద గొడవ జరుగుతుందనుకున్నాను. జరగలేదు. ప్రసన్న కుమార్ గారు హాయిగా నవ్వి, ఇచ్చెయ్యమని నేనే చెబుదామనుకున్నాను పుష్పా అన్నారు. రేపు ఆరాధన అయ్యాక తీరిగ్గా వెళ్ళి చూసుకోమన్నారు. ఇప్పుడే వెళతానని కెల్విన్ తాళంచెవి తీసుకుని లేచాడు. దానికీ ఆయన సరేనన్నారు. వర్షంలో స్కూటర్ జాగ్రత్త, హెల్మెట్ పెట్టుకో అన్నారు. హెల్మెట్ మాట ఆయన నోట విని నాకు నవ్వాగలేదు.

తాను మాత్రం కదల్లేదు. వంజరం వేపుడు తినే వెళతానన్నారు. ఇంకో టీ అడిగారు.

*

చేప ముక్కలకు కారం పట్టిస్తుంటే ఫోను మోగింది. చేతులకు ఉప్పూ కారం. మోచేత్తో నొక్కి స్పీకర్‌లో పెట్టాను. అత్తయ్య పొయ్యి దగ్గర ఉంది. ముందుగదిలో ప్రసన్న కుమార్ గారు కప్పు పట్టుకుని ఉన్నారు.

"ఫేబే, తాళంచెవి పట్టడం లేదు," అన్నాడు కెల్విన్. "తిప్పడం కాదు, లోపలికే పోవడం లేదు. ఇది వేరే తాళం. కొత్తది."

నిన్న తళతళా మెరిసిన తాళం నా కళ్ళ ముందుకు వచ్చింది. తుడిపించారనుకుని నవ్వుకున్న నన్ను చెప్పుతో కొట్టాలి. నేను చూసిపోయేదాకా లోపల సామాను ఎవరూ కదపకూడదని మావయ్యగారే తాళం మార్పించారు. ఎవరైనా అడిగితే తాళంచెవి పుష్పవతి దగ్గరుంది, తప్పూ ఆవిడదే. ఇద్దరు జీతగాళ్ళు సాక్షులు, ఇప్పుడు దేవుడు కూడా సాక్షి.

అత్తయ్య పొయ్యి ఆపింది. నూనె చిటపట ఆగాక ఫోన్లోంచి ఇంకో చప్పుడు స్పష్టంగా వినిపించింది. బరువుగా, ఆగకుండా, దడదడమని. ఆ మిషను చప్పుడు ఈ ఇంట్లో అందరికీ తెలుసు. కెల్విన్ చొక్కాలకు దాని నూనె వాసన ఉంటుంది.

సోమవారం బోట్లకు ఐస్ ఇవ్వాలంటే నీళ్ళు గడ్డకట్టడానికి ఇవాళే మిషను తిప్పాలి. ఇంత చదివినదాన్ని, ఆ సంగతి నాకు ఇప్పుడు తోచింది. ఆయన ఇక్కడ కూర్చుని వినయం కోసం ప్రార్థిస్తూ గడియారం ఎందుకు చూశారో కూడా.

"లోపల ఎవరున్నారు?" అని అడిగాను.

కెల్విన్ ఒకసారి దగ్గి చెప్పాడు.

"వీరేంద్ర. సున్నానికి పిలిచి వాళ్ళ నాన్న చోట నిలబెట్టారు. ముందు తలుపు దగ్గర ఇప్పటికే ఘాటుగా ఉంది ఫేబే, కళ్ళు మండుతున్నాయి. మిషను ఆపమంటే ఇక్కడివాళ్ళు మావయ్య ఫోను చెయ్యందే ఆపరట. వెనకవైపు ఈ తాళం."

అత్తయ్య చేతులు చెంగుకు తుడుచుకుని ముందుగదిలోకి నడిచింది. నేను కారం చేతుల్తోనే ఫోను పట్టుకుని వెనకే వెళ్ళాను. ఆవిడ అన్న ఎదుట నిలబడి చెయ్యి చాపింది. అరచెయ్యి పైకి, తీసుకోవడానికి.

"కొత్త తాళంచెవి ఇవ్వు అన్నయ్యా. మిషను ఆపమని ఫోను చెయ్యి."

ప్రసన్న కుమార్ గారు కప్పులోకి చూశారు. కింద పెట్టారు. మళ్ళీ తీసుకున్నారు. చొక్కా జేబులో పెన్ను పక్కన ఏదో బరువుగా కిందికి లాగుతోంది. తెల్ల గుడ్డలోంచి దాని గుండ్రటి తల కనిపిస్తోంది.

"కంగారు పడకండి," అన్నారు. "ముందు ప్రార్థన చేసుకుందాం."

కళ్ళు మూసుకున్నాడు.

ఈసారి ఇంకెవరం మూసుకోలేదు. ఫోన్లో దడదడ చప్పుడు మధ్యలో కెల్విన్ ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నాడు. జవాబు రావడం లేదు. అత్తయ్య చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అది మెల్లగా లేచి, తన అన్న చొక్కా జేబు దగ్గరికి వెళ్ళింది.